మూడొందల గుర్రాలూ, మా అత్తగారూ

మొన్న శనివారం పొద్దున్న సింహాచలం కొండెక్కినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఓ ఎర్రకారుని చూసే ఉంటారు. ముందు బంతిపూల దండ, వెనక కొండ మలుపు దాటి వినిపించే హారన్లు. పెళ్లికూతుర్ని పందిట్లోకి నడిపించుకొస్తున్నట్టు, కాలినడకన వెళ్లే భక్తులతో సమానంగా వెళ్లింది. ఆ కారు నాదే. నడిపింది కూడా నేనే. అది అలా నడవడానికి నెల్లాళ్లు ఆలోచించి, మెకానిక్కుని అడిగి, ఆఖరికి దేవుణ్ణి కూడా అడిగి మరీ చేయించుకున్నాను.

భజన అయిపోయింది. పులిహోర అందరికీ అందింది. విస్తరాకు ఖాళీ అయ్యేదాకా మీరెవరూ కదలరని నాకు తెలుసు. అందుకని మొదట్నుంచీ చెప్తాను. మధ్యలో నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా ఆవిడ వారం నుంచీ నవ్వుతూనే ఉంది.

నా సంగతి మీకు తెలిసిందే. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. కొంప గాజువాకలో. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి ఉద్యోగానికొచ్చి, రిటైరయ్యేదాకా సైకిలు మీదే డ్యూటీకెళ్లారు. ఆయన కొడుకుని కదా, యాభయ్యో ఏట నాకు స్పోర్ట్స్ కారు మీద మనసు పడింది. సెకండ్ హ్యాండుదే. జర్మనీ కారు. రెండే తలుపులు. రుషికొండ వైపు హోటలు నడిపే కుర్రాడొకడు రెండేళ్లు వాడి, పెళ్లి కుదరగానే అమ్మేశాడు. పెళ్లికీ అమ్మడానికీ సంబంధమేమిటో నేను అప్పుడే ఆలోచించాల్సింది.

కారు ఇంటికొచ్చిన రోజున మా ఆవిడ లలిత గుమ్మంలో నిలబడి చూసింది. హారతి పళ్లెం చేతిలోనే ఉంది. దిష్టి తియ్యకుండా ఆగిపోయింది.

"మిగతా రెండు తలుపులు ఏవీ?"

"స్పోర్ట్స్ కారుకి రెండే ఉంటాయి. మూడొందల హార్స్‌పవర్ లలితా. అంటే మూడొందల గుర్రాలు."

"గాజువాక జంక్షన్లో వాటిని ఎక్కడ కడతారు?"

లలితది గోపాలపట్నం. మామూలుగా పుస్తకంలో మాటల్లా మాట్లాడుతుంది. కోపమొస్తే మాత్రం గోపాలపట్నం బయటికొచ్చేస్తుంది. ఆ రోజింకా కోపం రాలేదు. నిజం మాత్రమే చెప్పింది. మా ఇంటి నుంచి అచ్యుతాపురం దాకా నా ముందెప్పుడూ ఇనప చుట్టలు మోసుకెళ్లే లారీ ఒకటి ఉంటుంది. ఎడం పక్క షేర్ ఆటో, దాని అంచున వేలాడుతూ నలుగురు. కుడి పక్క సిటీ బస్సు. మధ్యలో నేనూ, నా మూడొందల గుర్రాలూ, సెకండ్ గేరూ. ఆర్నెల్లయింది. నాలుగో గేరు ఎలా ఉంటుందో కారు పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకున్నాను.

ఇక మా అత్తగారు. ఆవిడ గోపాలపట్నంలో ఉంటారు. పేరు నూకాలమ్మ. ఈ మధ్యనే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషనయింది. చూపు బాగా వస్తే తొమ్మిది శనివారాలు కొండకొస్తానని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నారు. చూపు బ్రహ్మాండంగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, నా చొక్కా కాలరు మీద మరక ఆవిడ వీధి చివర్నుంచే చూసి చెప్తారు. మొదటి శనివారం నేనే తీసుకెళ్తానన్నాను. అల్లుడి కారులో కొండ. కొత్త కళ్లతో కొండంతా చూసుకోవచ్చని ఆవిడకెంత ఆశో.

నేనూరుకున్నానా? టోల్‌గేటు దాటగానే కొండెక్కే రోడ్డు ఖాళీగా కనబడింది. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఖాళీ రోడ్డు. కాలు దానంతటదే దిగింది. మొదటి మలుపులో అత్తయ్యగారు కళ్లు మూసుకున్నారు. రెండో మలుపులో నరసింహస్వామిని పిలవడం మొదలుపెట్టారు. నాకు ముచ్చటేసింది, భక్తి అనుకున్నాను. మూడో మలుపులో కారాపమన్నారు. దిగి, రోడ్డు పక్కన కాసేపు వంగి నిలబడి, కొంగుతో మూతి తుడుచుకుని, వెనక వస్తున్న ఆటోని ఆపి ఎక్కేశారు.

"బాబూ, నువ్వేటీ అనుకోకు. నీ కారులో కూకుంటే నా పేణం ముందెల్లిపోతంది, నాను ఎనకాల పరిగెడతన్నాను" అన్నారు ఆటోలోంచి.

ఆ సాయంత్రం ఇంట్లో తీర్పు వెలువడింది.

"చూడండి, అమ్మ ఎక్కని కారు మనకెందుకు? మీకు నెల టైమిస్తున్నా. నెలాఖరు శనివారం అమ్మని ఎక్కించుకోండి. మధ్యలో దిగకుండా కొండ మీద దాకా వచ్చిందా, కారుంటుంది. దిగిపోయి ఆటో ఎక్కిందా, ఆదివారం మా సూరిబాబు తెచ్చే పార్టీకి ఇచ్చేద్దాం."

సూరిబాబు నా బావమరిది. పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఓడల్లోంచి పెట్టెలు దించడం ఎంత సులువో, మన నెత్తి మీద పార్టీలని దించడం కూడా వాడికంత సులువు. అరగంటలో ఫోన్ చేశాడు.

"బావా, పార్టీ రెడీ. అచ్యుతాపురం కాంట్రాక్టరు. ఎరుపంటే పడి సత్తాడు. నువ్వు ఊ అను సాలు."

నేను ఊ అనలేదు. ఆలోచన మొదలుపెట్టాను. ఇక్కడ మీరు గమనించాల్సిందొకటుంది. నా ముందున్న సమస్య ఏమిటి? కారు వేగానికి ముసలావిడకి కడుపులో తిప్పింది. మీరైతే ఏం చేస్తారు? కాలు కాస్త పైకెత్తి నెమ్మదిగా నడుపుతారు. ఆ దారొకటుందని నాకు తోచలేదు. స్పోర్ట్స్ కారు కొన్నవాడికి తోచదు. నేను ఆలోచించింది ఒకటే. కారుని ఉన్నదున్నట్టు ఉంచాలా, పవర్ పెంచాలా?

ఎందుకు పెంచాలంటారా? లెక్క చెప్తాను వినండి. కొండ రోడ్డు మీద ఎంతసేపుంటే అంతసేపు తిప్పుతుంది. పవర్ పెరిగితే తొందరగా ఎక్కేస్తాం. తొందరగా ఎక్కేస్తే తిప్పడానికి టైముండదు. ఈ లెక్క మూడు రాత్రులు పడుకోకుండా వేశాను. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా.

గాజువాక ఆటోనగర్‌లో అప్పలరాజని ఒక మెకానిక్కున్నాడు. ఇలాంటి కార్లంటే అతనికి ప్రాణం. బానెట్టెత్తి, ఇంజను వైపు డాక్టరు రోగిని చూసినట్టు చూసి, పెదవి విరిచాడు.

"ఊపిరాడక సత్తంది సార్ ఇది."

"ఎందుకని?"

"కంపెనీవోడు ముక్కుకి గుడ్డ కట్టేసినాడు. ఈ డబ్బా సూసినారా, గాలంతా దీన్లోంచి పీల్చాల. ఇది పీకీసి ఓపెన్ ఫిల్టరు పెట్టీమనండి. సైలెన్సరు మారుద్దాం. కంప్యూటర్లో నాలుగు నెంబర్లు సవరిత్తాను. అప్పుడు సూడండి, బండి మీ మాట ఇనదు."

"ఇప్పుడే వినడం లేదు. అది కాదు అప్పలరాజూ, మా అత్తగారికి కళ్లు తిరుగుతున్నాయి. దానికి పనికొస్తుందా?"

అతను చేతులు తుడుచుకుంటూ సీరియస్‌గా ఆలోచించాడు. "తిరగడానికి టైముంటే గదా సార్. ఇలా ఎక్కుతారు, అలా దిగిపోతారు."

చూశారా, నా లెక్కే. ఏ చదువూ లేకుండా అతనికెలా తట్టిందో. లోకంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడని తెలిసినప్పుడు మనిషికి ఎంత ధైర్యమొస్తుందో చెప్పలేను.

సూరిబాబుకి చెబితే వాడు నిట్టూర్చాడు. "బావా, ఉన్న స్పీడుకే ముసల్ది కైలాసం సూసొచ్చింది. ఇంకా పెంచి యాడకి పంపుతావ్?"

ఇటు అప్పలరాజు, అటు సూరిబాబు. మధ్యలో నేను. ఇలాంటప్పుడు మా ఇంట్లో పద్ధతేమిటి? దేవుడి ముందు చీట్లు వెయ్యడం. మా నాన్న ఉద్యోగం మారాలా వద్దా అన్నప్పుడు కూడా చీట్లే వేశారు. ఒకే చీటీ తీశారు. అందులో ఉన్నది చేశారు. ఆయన వేరే కాలం మనిషి.

గడువుకి రెండ్రోజుల ముందు, గురువారం స్నానం చేసి, దీపం వెలిగించి, రెండు చీట్లు రాశాను. ఒకదాని మీద 'చేయించు', ఇంకోదాని మీద 'వద్దు'. మడతపెట్టి స్వామి పాదాల దగ్గర వేసి, కళ్లు మూసుకుని ఒకటి తీశాను. 'వద్దు' అని వచ్చింది.

సరే, చేతులు తడిగా ఉన్నాయి. తడిచేత్తో తీస్తే ఏది అంటుకుంటే అది వస్తుంది, అందులో దైవనిర్ణయమేముంది? చేతులు తుడుచుకుని మళ్లీ తీశాను. 'వద్దు'. చూస్తే దీపం కొండెక్కబోతోంది. వెలుగు లేనప్పుడు అడగడం తప్పు కదా. నూనె పోసి మూడోసారి తీశాను. 'వద్దు'. అప్పుడు క్యాలెండరు చూశాను. రాహుకాలం. అదీ సంగతి. రాహుకాలం వెళ్లిపోయేదాకా అక్కడే కూర్చుని సహస్రనామాలు చదివి, నాలుగోసారి తీశాను. 'చేయించు'.

ఆ చీటీ మడత మిగతా దానికన్నా కాస్త లావుగా ఉందనీ, నా వేలికి ముందే తెలిసిందనీ మీతో చెప్తున్నాను. ఈ గది దాటనివ్వకండి.

లేచి వెనక్కి తిరిగితే తలుపు దగ్గర లలిత. ఎప్పట్నుంచి నిలబడిందో.

"స్వామి చేయించమన్నాడు" అన్నాను, చీటీ చూపిస్తూ.

"మొదటి మూడుసార్లూ స్వామి మీతో మాట్లాడలేదా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రానికి అప్పలరాజు పని పూర్తి చేశాడు. తాళం తిప్పితే కొత్త సైలెన్సర్ లోంచి ఒక గర్జన వచ్చింది. పక్క షెడ్డులో టీ తాగుతున్నాయన గ్లాసు వదిలేశాడు. హైవే ఎక్కి చూశాను. ఓ పది సెకన్లు నేను ఈ లోకంలో లేను. పదకొండో సెకనులో లారీ వచ్చింది, ఇనప చుట్టలతో. అయినా సరే, ఆ పది సెకన్ల కోసం మనిషి ఎన్ని చీట్లైనా తీయొచ్చనిపించింది.

ఇప్పుడు అసలు ఘట్టానికొస్తున్నాను. పులిహోర పక్కన పెట్టండి.

శనివారం తెల్లవారుజామునే లేచి తలస్నానం చేశాను. ఇంత కొత్త పని చేయించినప్పుడు పూజ లేకుండా బండి బయటికి తీస్తామా? ఫ్యాక్టరీలో కూడా కొత్త కంప్రెసరొస్తే మొదటి బొట్టు నేనే పెడతాను. దండ వేశాను, నిమ్మకాయలు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను. అప్పుడు బానెట్టెత్తాను.

ఎత్తి, అలా చూస్తూ ఉండిపోయాను. ఆ కొత్త ఫిల్టరుని నేను సరిగ్గా చూడలేదు అప్పటిదాకా. నిలువుగా, కింద లావుగా, పైకి పోతూ కాస్త సన్నంగా, నెత్తి మీద నల్లగా గుండ్రంగా. కింద పానవట్టంలాంటి రింగు. నా కళ్లకి అది ఫిల్టరులా కనబడలేదు. నాకు రోజూ శివపూజ చేసే అలవాటని మీకు తెలుసు కదా. చెయ్యి దానంతటదే విభూతి పొట్లంలోకి వెళ్లిపోయింది.

మూడు వేళ్లతో మూడు రేఖలు పెట్టాను. కనబడలేదు. ఆ ఫిల్టరు గుడ్డ నిండా మడతలు, పైగా దానికి నూనె రాసి ఉంటుంది. విభూతి మడతల్లోకి దిగిపోయింది. ఇంకాస్త పెట్టాను. అదీ దిగిపోయింది. స్వామికి పెట్టిన రేఖలు కనబడకపోతే ఎలా? కనబడేదాకా పెట్టాను. పొట్లం అయిపోయింది. రేఖలు మటుకు అద్భుతంగా వచ్చాయి. నెత్తి మీద కుంకుమ బొట్టు పెట్టి, ఒక గన్నేరు పువ్వు అమర్చి, దణ్ణం పెట్టి, బానెట్ మూశాను.

ఒక మాట చెప్పాలి. ఫ్యాక్టరీలో ఎయిర్ ఫిల్టరు మీద దుమ్ము కనబడితే మెమో ఇచ్చేది నేనే. కిందటి వారమే ఇద్దరికిచ్చాను.

గోపాలపట్నంలో అత్తయ్యగారు గేటు దగ్గరే ఉన్నారు. చేతిలో నిమ్మకాయ, కొంగులో వాము, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. యుద్ధానికి సిద్ధమై వచ్చారు. ముందు సీట్లో ఆవిణ్ణి కూర్చోబెట్టాం. ఆ సీటు నేలకి జానెడెత్తులో ఉంటుంది. "పీటేసుకున్నట్టుంది" అన్నారు. లలిత వెనక సీట్లోకి దూరి అడ్డంగా కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి ఆనుతున్నాయి. అద్దంలో నాకు ఆమె కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్లలో కాంట్రాక్టరు కనబడుతున్నాడు.

టోల్‌గేటు దాటాం. రోడ్డు ఖాళీ. అత్తయ్యగారు కళ్లు గట్టిగా మూసుకుని, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నేను స్వామిని తలుచుకుని కాలు అదిమాను.

ఏమీ జరగలేదు.

ఇంకా అదిమాను. కారు ఒకసారి తుమ్మింది. తర్వాత దగ్గింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. మూడొందల గుర్రాల్లో రెండొందల తొంభై గుర్రాలు తాళ్లు తెంపుకుని వెళ్లిపోయాయి. మిగిలిన పదీ ముసలివి. స్పీడు ఐదు దగ్గర ఆగింది. కాలు ఎంత తొక్కినా ఐదే. సైలెన్సర్ మాత్రం సింహంలా గర్జిస్తోంది, బండి నత్తలా వెళ్తోంది.

"ఏమైంది?" వెనక నుంచి లలిత.

"ఏం లేదు. రోడ్డు చూసుకుంటున్నాను."

ఆపి చూద్దామంటే భయం. ఆపితే అత్తయ్యగారు దిగుతారు. దిగితే ఆటో ఎక్కుతారు. ఎక్కితే కారు పోతుంది. స్టీరింగ్ మీది మీట నొక్కి అప్పలరాజుకి ఫోన్ చేశాను. ఈ కార్లలో ఉన్న సుఖమేమిటంటే, అవతలివాడి మాట కారులో ఉన్న ఎనిమిది స్పీకర్లలోంచీ వస్తుంది. దాన్ని ఆపడం ఎలాగో నాకు ఈరోజుకీ తెలీదు.

"సెప్పండి సార్. కొండెక్కీసినారా?"

"ఎక్కుతున్నాం. పికప్ లేదు అప్పలరాజూ. పసుపు దీపమొచ్చింది."

"నిన్న బాగుంది గదా. రేత్రి నుంచి ఏటైనా సేసినారా?"

"ఏం చెయ్యలేదు."

"బానెట్టెత్తినారా?"

ముందు ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాను.

"సార్? ఫిల్టరు ముట్టుకున్నారా?"

"కొద్దిగా."

"కొద్దిగంటే ఏటి సార్?"

"పూజ చేశాను."

"పూలు పెట్టినారా? పరవాలేదు. తీసి పారీండి."

"పూలు కాదు. విభూతి."

ఎనిమిది స్పీకర్లలోంచీ ఒకేసారి నిశ్శబ్దం వచ్చింది. తర్వాత చాలా నెమ్మదిగా, ఇంట్లో ఎవరికో బాగోలేదని చెప్తే అడిగినట్టు అడిగాడు.

"ఎంత?"

"పొట్లం."

"సిన్న పొట్లమా, పెద్ద పొట్లమా?"

"కాశీ నుంచి తెప్పించింది."

"దేవుడా" అన్నాడు అప్పలరాజు. "గాలి కొలిసే సెన్సారు కూడా మూసుకుపోయుంటాది. సార్, ఆపీకండి. ఆపితే మళ్లీ లెగదు. ఎంత మెల్లిగెల్తే అంత మెల్లిగా పోనీండి. కిందికొచ్చాక నాను సూసుకుంటాను." ఫోన్ పెట్టేసే ముందు పక్కనెవరితోనో "విభూదంటరా" అనడం కూడా మాకు ఎనిమిది స్పీకర్లలోంచి వినబడింది.

అద్దంలోకి చూడలేదు నేను. చూడక్కర్లేదు.

అలా వెళ్తున్నాం. సిటీ బస్సు మమ్మల్ని దాటింది. కొబ్బరికాయల ఆటో దాటింది. స్కూటర్ మీద భార్యా, ఇద్దరు పిల్లలూ, చీపురుకట్టలూ పెట్టుకుని ఒకాయన దాటుతూ, నా కారు వంకా, నా మొహం వంకా చూసి, పాపం అన్నట్టు తలూపాడు. వెనక హారన్ల భజన. నేను మనసులో కాంట్రాక్టరుకి తాళాలు ఇచ్చేస్తున్నాను. కారు కాగితాలు ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకుంటున్నాను.

అప్పుడు పక్క సీట్లో ఏదో కదిలింది. అత్తయ్యగారు ఒక కన్ను తెరిచారు. కాసేపు చూశారు. రెండోది తెరిచారు. నిమ్మకాయ ఒళ్లో పెట్టుకున్నారు.

"అద్దం దించు బాబూ."

దించాను. కొండగాలి లోపలికొచ్చింది. ఆవిడ మోచెయ్యి బయట పెట్టుకుని, నిండు కళ్లతో చూస్తున్నారు. "అదిగో, ఆ పనస సూడే లలితా. ఎన్ని కాయలో. లోయలో ఆ మడుగేటి? నాకు ముందెప్పుడూ అగుపడలేదు." రోడ్డు పక్కన సంపెంగలమ్మే మనిషి దగ్గర, బండి ఆపకుండానే బేరమాడి, బండి ఆపకుండానే పూలు తీసుకున్నారు. చిల్లర ఇవ్వడానికి ఆ మనిషి పక్కనే నడిచి వచ్చింది, ఏమాత్రం తొందరపడకుండా.

ఇంకో మలుపులో నడిచి వెళ్తున్న భక్తుల్లో ఒకావిణ్ణి చూసి, "ఓలమ్మ, సత్తెవతీ" అని కేకేశారు. వాళ్ల వీధే. ఆ సత్యవతిగారు కారు పక్కన నడుస్తూ, కిటికీ మీద చెయ్యి వేసుకుని, కోడలి సంగతీ, గ్యాసు సంగతీ, వీధి కుళాయి సంగతీ మలుపు మలుపునా చెప్పుకొచ్చారు. మధ్యలో ఒకచోట ఆవిడే కాస్త ముందుకెళ్లిపోయి, మాకోసం ఆగారు.

"ఎంత బాగుందమ్మా" అన్నారు అత్తయ్యగారు, సత్యవతి గారితో. "ముందు నెల ఈ బండి దెయ్యం పట్టినట్టుండీది. సంటిపిల్ల దడుసుకుంటే మనం విభూది ఎయ్యమా? మా అల్లుడు దీనికీ అలాగే ఏసినాడు. పొట్లమంతా ఏసినాడు, నాకోసవని. ఇదుగో, ఎలా అణిగిపోనాదో సూడు."

అప్పలరాజు మాటలు ఆవిడకి వినబడ్డాయన్నమాట. కానీ ఆవిడకి అర్థమైంది అదీ. నేను నోరు తెరిచాను. తెరిచి, ఏం చెప్పాలి? అత్తయ్యా, అది తెలివితక్కువతనం, బండి పాడైపోయింది అంటే నిజం. నిజం చెబితే ఆవిడ భయపడి దిగుతారు. ముప్ఫై ఏళ్లుగా మీ అందరికీ భజన ముందు సత్యం గురించి చెప్పేది నేనే కదా. పైన గోపురం కనబడుతోంది. స్వామి చూస్తూనే ఉన్నాడు.

"అవునత్తయ్యా" అన్నాను. "మీకోసమే."

వెనక సీట్లోంచి ఒక శబ్దం వచ్చింది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకున్న మనిషి నవ్వాపుకుంటే వచ్చే శబ్దం.

పైకి చేరాం. అత్తయ్యగారిని దించడానికి ఇద్దరం రెండు చేతులూ పట్టి లాగాల్సొచ్చింది. కానీ దిగాక ఆవిడ నిటారుగా నిలబడి, కొండ చుట్టూ ఒకసారి చూసి, నా తల మీద చెయ్యి పెట్టారు. "ఆపరేసను సేసిన డాక్టరు కళ్లిచ్చినాడు. నువ్వు కొండ సూపించినావు బాబూ." ఇంత పొగడ్త నా సర్వీసులో ఎవరూ ఇవ్వలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను. వినయమనుకున్నారు.

దర్శనం క్యూలో లలిత నా పక్కకి చేరింది.

"అమ్మ మధ్యలో దిగలేదు" అంది.

"దిగలేదు."

"మాటంటే మాటే. కారుంటుంది. సూరిబాబుకి నేనే చెప్తాను." కాస్త ఆగి, "మూడొందల గుర్రాలకి ఇంకా గుర్రాలు కలపడానికెళ్లి, ఉన్నవాటిని కూడా తోలేసినోడివి నువ్వొక్కడివే సోమీ" అంది. కోపం కాదు. అయినా గోపాలపట్నం వచ్చేసింది.

సోమవారం అప్పలరాజు ఫిల్టరు విప్పి, బకెట్లో నానబెట్టి, సెన్సారు కడిగి, అన్నీ బిగించాడు. నీళ్లు పారబొయ్యబోతూ ఆగి, "సార్, ఇది తొక్కకూడదు గదా" అని తీసుకెళ్లి షెడ్డు వెనక కొబ్బరిచెట్టు మొదట్లో పోశాడు. అతనూ భక్తుడే. బండి మళ్లీ గర్జించింది. మళ్లీ నాకు నా పది సెకన్లు దొరికాయి. బుద్ధొచ్చింది కదా, ఇక కొండ రోడ్డు మీద నెమ్మదిగానే నడుపుదాం, నడపడం నా చేతిలో, సారీ, నా కాల్లో పనే కదా అని ఒట్టేసుకున్నాను కూడా.

ఈ శనివారం పొద్దున్న, అంటే ఇవాళే, గోపాలపట్నం వెళ్లాను. అత్తయ్యగారి ఇంటి ముందు ఆరుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. సత్యవతిగారు వాళ్లకి నా కారుని చూపించి, ఏదో వివరిస్తున్నారు. ఒకావిడ తన అల్లుడి మోటారుసైకిలుకి కూడా ఇలాగే చెయ్యొచ్చా అని నన్నడిగింది. ఇంజన్ శబ్దం విన్న అత్తయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయి, మొహం చిట్లించారు.

"మళ్లీ తిరగబడినట్టుందేటి బాబూ?"

"లేదత్తయ్యా. ఇవాళ నేనే నెమ్మదిగా నడుపుతాను."

"నువ్వు నడుపుతావు బాబూ. అది ఇనాలి గదా."

లోపలికెళ్లి ఒక గిన్నె తెచ్చారు. మూత తీశారు. కొండ మీది నుంచి తెచ్చిన చందనం, నీళ్లు పోసి సాది, చిక్కగా, గిన్నె నిండా.

"విభూది పొడి గదా, రాలిపోనాది. గంధమైతే పట్టుకుంటాది. బానెట్టెత్తు."

ఆరుగురు ఆడవాళ్లు చూస్తున్నారు. స్వామివారి చందనం. నేను, భజన మండలి అధ్యక్షుణ్ణి, ఏ నోటితో వద్దంటాను?

ఎత్తాను.